కప్ప మెదడులో బ్రేక్ దొరికిన కథ

మెదడు అనగానే మనకి ఆర్డర్లు వేసేదే గుర్తొస్తుంది కదా. కానీ "ఆగు" అని చెప్పడం కూడా దాని పనే. ఈ సంగతి తేల్చింది ఒక కప్ప, ఒక ఉప్పుకల్లు.

1845లోనే జర్మన్ శాస్త్రవేత్తలైన వెబర్ సోదరులు ఒక వింత చూపించారు. వేగస్ నరానికి కరెంటు పెడితే గుండె జోరందుకోలేదు, ఆగిపోయింది. అంటే నరాలు ఆపగలవు కూడా. మరి మెదడు సంగతి?

1862, పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ ల్యాబ్. అక్కడికి రష్యా నుంచి ఇవాన్ సెచెనోవ్ వచ్చాడు. ఈయన ముందు మిలటరీ ఇంజనీర్, తర్వాత డాక్టర్. కప్ప కాలిని పలచటి యాసిడ్‌లో ముంచి, అది కాలు ఎంతసేపటికి లాక్కుంటుందో మెట్రోనోమ్ టిక్కులతో లెక్కపెట్టేవాడు. తర్వాత మెదడు మధ్యలో థాలమస్ దగ్గర కోసి, అక్కడ ఉప్పుకల్లు పెట్టాడు. ఈసారి కప్ప కాలు లాక్కోడానికి ఎక్కువసేపు పట్టింది! కాలు అదే, యాసిడ్ అదే. బ్రేక్ పడింది పైనుంచి.

దీని మీద ఆయన 1863లో "మెదడు ప్రతిచర్యలు" రాశాడు. ఆలోచన అంటే, చివర్లో కదలిక ఆగిపోయిన రిఫ్లెక్సే అన్నాడు. మరి ఆత్మ ఏమైంది? రష్యా సెన్సార్ వాళ్లకి ఒళ్లు మండింది. 1866లో అది పుస్తకంగా రాగానే, జనం నీతి చెడిపోతుందని కేసు పెట్టబోయారు. కోర్టులో నా తరఫు లాయర్ కప్పే అని ఆయన అన్నట్టు ఒక కథ కూడా ఉంది. చివరికి కేసు నిలబడలేదు.

అయితే బ్రేక్ మెదడులో ఒక ప్రత్యేక కేంద్రంలో ఉంటుందని సెచెనోవ్ అనుకున్నాడు. అది నిలబడలేదు. ఆపే నాడీకణాలు మెదడంతా, వెన్నుపాములో కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది. వీటిలో చాలావరకు గాబా అనే రసాయనాన్ని వదులుతాయి. అది తగిలిన పక్క కణం సిగ్నల్ పంపడం కష్టమవుతుంది.

మరి ఈ బ్రేక్ తీసేస్తే? 1960, 70 దశకాల్లో జర్మనీలో యోర్గ్ పీటర్ ఎవర్ట్ టోడ్ కప్పల మీద చూశాడు. మామూలుగా టోడ్ పురుగు లాంటిది కదిలితే పట్టుకుంటుంది, పెద్దది కదిలితే తప్పుకుంటుంది. థాలమస్‌కి ఆనుకున్న ప్రీటెక్టమ్ భాగాన్ని దెబ్బతీస్తే, ఆ తేడా పోయింది. కదిలే ప్రతిదాని మీదకీ దూకింది, పెద్ద వస్తువైనా సరే.

చూశారా, ఆ టోడ్‌కి ఆకలేమీ పెరగలేదు. వద్దనేవాడు పోయాడు, అంతే. ఏది తిండి, ఏది ప్రమాదం అని తేల్చేది కూడా ఆ బ్రేకే అన్నమాట.