నల్లమల తేనె

శ్రీశైల, అహోబిల క్షేత్రములను తన గర్భమున దాల్చిన నల్లమల యడవులలో తరతరములుగా నివసించు చెంచులకు తేనె సేకరణము జీవికయే కాక బాంధవ్యమునకొక పరీక్షయు నైయుండెను. ఏలయన, నిట్టనిలువు కొండచరియకు వ్రేలాడు పెద్ద తేనెపట్టును కోయుటకై త్రాటి యాధారమున లోయలోనికి దిగువాఁడు, పైన నా త్రాటిని కాచు భారమును తన బావమఱఁదికే యొప్పగించుట వారి యాచారము. తోఁబుట్టువు మాంగల్యము తన పిడికిట నున్నదని యెఱిఁగినవాఁడు పట్టు సడలించునా? ఇంతకంటె గట్టి బీమాపత్రమును నేనెఱుఁగను. 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడిన పిదప అడవితేనె పట్టణముల యంగళ్లకును చేరినది. అంతవఱకు పంచామృతమునకును, ఔషధానుపానమునకును తేనెను దాఁచుకొన్న గృహిణులు దానిని పాయసమునఁ గూడఁ గలుపవచ్చును. కాని కాఁచిన తేనెను ఆయుర్వేదము నిషేధించినది గనుక, పాత్రను దింపి చల్లార్చిన పిమ్మటనే కలుపుఁడు.