దింసాలో నాటకం లేదా?

మన నాటక చరిత్రలు భరతముని దగ్గర బయలుదేరి, యక్షగానం, వీధినాటకం మీదుగా 1880లో రాజమండ్రిలో కందుకూరి ఆడించిన ప్రహసనానికి, 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ప్రదర్శనకు చేరతాయి. ఆ దారి అందరూ ఎరిగిందే. అరకు కొండలకు అందులో దక్కేది ఒక్క పేరా: గిరిజన నృత్యం నాటకానికి బీజం, అని. గౌరవంగా వినిపించే ఈ మాటతోనే నా పేచీ. బీజం అంటే అక్కడ నాటకం ఇంకా మొలవలేదన్నట్టే.

దీని వెనక జేన్ హారిసన్ వంటి కేంబ్రిడ్జి పండితులు గ్రీకు నాటకానికి చెప్పిన పుట్టుక ఉంది: ముందు క్రతువు, అది సడలాక నాటకం. అరకు గిరిజనులు ఆడే దింసా నృత్యంలో ఆ వరస నిలవదు. గ్రామదేవత పేరిట ఆడే బోడ దింసా పూజే, సందేహం లేదు. బాయా దింసాలో దేవత పూనినవాడి వెనక ఊరంతా తల వంచి అడుగులు వేస్తుంది. ముందున్నవాడిది పూనకం, వెనకవాళ్లది అనుకరణ. బాగ్ దింసాలో పులి మీద పడితే తప్పించుకోవడం ఎలాగో ఆడి చూపిస్తారు. పూజా నటనా ఒకే తుడుము దెబ్బకు పక్కపక్కనే సాగుతుంటే, ఒకటి వాడి రెండోది పుట్టిందని ఎలా అంటాం?

ఇంతకన్నా గట్టి సాక్ష్యం చైత్రంలో వచ్చే ఇటికల పండుగ. మగవాళ్లు వేటకు వెళ్తారు. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేస్తారు. మామూలు రోజుల్లో చెల్లని మాట ఆ రోజు చెల్లుతుంది. పడేవాడూ తన పాత్ర తప్పడు. వేట కలిసిరావడానికి చేసే తంతు కదా అనవచ్చు. కొంత నిజమే, విత్తనాల పూజ కూడా ఆ పండుగలోదే. కానీ ఇక్కడ పాత్రలున్నాయి, తగువుంది, చూసి నవ్వే ఊరుంది. రాతప్రతి లేదంటారా, భాగవతాల్లో హాస్యగాడు అప్పటికప్పుడు అల్లే మాటలకు మాత్రం ఉందా?

అలాగని దింసాను చెక్కుచెదరని ఆదిమకళ అనలేను. ఈ ఊళ్లలో ఆదివాసీ ఒడియా వాడుక; అవతల కోరాపుట్‌లో పురాణకథలాడే దేశియా నాట ఉంది. ఇచ్చిపుచ్చుకోవడాలు లేకుండా ఎలా ఉంటాయి?

ఇప్పుడు రిసార్టుల్లో దింసా పర్యాటకుల ముందు ఆడుతున్నారు. నాలుగు డబ్బులొస్తున్నాయి, దాన్ని తక్కువ చేయను. కానీ రకాల తేడా కరిగి, అంతా ఒకటే అడుగైంది. పులి ఉందని చూసేవాడికి తెలియదు. పేడనీళ్ల ఎగతాళికి ఆ వేదిక మీద చోటివ్వమనీ అడగను, అక్కడికెక్కితే అదీ చెడుతుంది. నాటక చరిత్రలో మాత్రం దానికి చోటు కావాలి. బీజం పేరాలో కాదు, యక్షగానం పక్కన.