జర్నల్ స్క్వేర్‌లో అద్దె ఇల్లు: మనకంటే ముందొచ్చినవాళ్ల సంగతి

జెర్సీ సిటీలో రూమ్ వెతికేటప్పుడు మనం అడిగేవి మూడే. పాత్ రైలు స్టేషన్‌కి ఎంత నడవాలి, అద్దె ఎంత, పోపు వాసనకి ఓనర్ ఏమన్నా అంటాడా. యాభై ఏళ్ల కిందట ఈ ఊరొచ్చిన ఇండియన్లూ ఇంచుమించు ఇవే అడిగి ఉంటారు. తేడా ఏంటంటే, అప్పుడు ఇళ్లు ఖాళీగా ఉండేవి.

ఎందుకు ఖాళీ అయ్యాయంటే, హడ్సన్ ఒడ్డంతా ఒకప్పుడు రైల్వే యార్డులు, రేవులు, ఫ్యాక్టరీలు. 1930 లెక్కల్లో ఈ ఊళ్లో 3,16,715 మంది ఉన్నారు. తర్వాత సరుకు లారీలెక్కింది, కంటైనర్ ఓడలు నెవార్క్, ఎలిజబెత్ రేవులకి మళ్లాయి, రైల్వే కంపెనీలు దివాలా తీశాయి. పని పోయిన చోట మనుషులు ఉండరు, అది మన పల్లెల్లోనూ చూసిందే. 1980కి మిగిలినవాళ్లు 2,23,532. ఊరొదిలినవాళ్లు రెండు మూడు వాటాల చెక్క ఇళ్లని వెంట తీసుకెళ్లలేరు కదా. అవి చవగ్గా అద్దెకీ అమ్మకానికీ దొరికాయి.

1965 వలస చట్టంతో తలుపు తెరుచుకున్నాక వచ్చిన ఇండియన్లకి ఆ ఇళ్లు కలిసొచ్చాయి. రైలు కూడా. దివాలా తీసిన పాత హడ్సన్ రైలు మార్గాన్ని 1962లో పోర్ట్ అథారిటీ తీసుకుంది, అదే ఇప్పటి పాత్. రాత్రి షిఫ్టుకైనా మాన్‌హాటన్ వెళ్లి రావచ్చు. మనం ఇవాళ కరివేపాకు కొనుక్కునే నెవార్క్ అవెన్యూలో మూతపడ్డ షాపులని తెరిచినవాళ్లు ఎక్కువమంది గుజరాతీలు. మనవాళ్లు అప్పటికి తక్కువ.

ఊరు కోలుకుంటుంటే అందరికీ నచ్చలేదు. 1987 వేసవిలో జెర్సీ జర్నల్ పత్రికకి ఒక ఉత్తరం వచ్చింది, అచ్చయింది కూడా. రాసినవాళ్లు పెట్టుకున్న పేరు 'డాట్‌బస్టర్స్'. డాట్ అంటే మన ఆడవాళ్ల నుదుటి బొట్టు. ఇండియన్లని ఊళ్లోంచి తరిమేస్తాం, ఫోన్ డైరెక్టరీలో పటేల్ అన్న పేరు చూసి ఇల్లు పట్టుకుంటాం అన్నది దాని సారాంశం. అద్దె ఇంటికి ఫోన్ పెట్టించుకోవడం కూడా భయమే అయిన రోజులవి. ఆ సెప్టెంబర్ 27న పక్క ఊరు హోబోకెన్‌లో సిటీకార్ప్ ఉద్యోగి నవ్‌రోజ్ మోదీని కుర్రాళ్లు కొట్టారు, నాలుగు రోజులకి చనిపోయాడు. ఆయన పార్శీ, కొట్టినవాళ్లకి ఆ తేడా అక్కర్లేదు. హత్య కేసు నిలబడలేదు, దాడి కిందే శిక్షలు పడ్డాయి. అదే వారంలో జెర్సీ సిటీ హైట్స్‌లో డాక్టర్ కౌశల్ శరణ్‌ని చావగొట్టారు. జనం వీధుల్లోకొచ్చి అడిగారు. 1990లో ఇలాంటి ద్వేష నేరాలకి ఎక్కువ శిక్ష వేసే చట్టం న్యూజెర్సీలో వచ్చింది. ఇప్పుడు నవరాత్రికి నెవార్క్ అవెన్యూ మూసి గర్బా ఆడుతుంటే నిలబడి చూస్తాం. ఈ వెనక సంగతి మనలో చాలామందికి తెలీదు.

మన వంతు 1990 తర్వాత. ఆ ఏడాది చట్టంతో హెచ్-1బి వచ్చింది, పదేళ్లకి వైటూకే పని వచ్చింది, అమీర్‌పేట నుంచి మనమొచ్చాం. కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లో నేలమీద పరుపులు, ఒక బాత్రూమ్, ప్రాజెక్ట్ వచ్చినవాడు సూట్‌కేస్ పట్టుకుని పోతే ఆ పరుపు ఇంకొకడికి. ఈలోగా ఒడ్డు మారిపోయింది. పాత ఈరీ రైల్వే యార్డుల మీద 1986 నుంచి న్యూపోర్ట్ టవర్లు లేచాయి. మాన్‌హాటన్ బ్యాంకుల ఆఫీసులు నది దాటాయి, 2004లో గోల్డ్‌మన్ శాక్స్ టవర్ పూర్తయింది. ఆ ఆఫీసుల్లో కోడ్ రాసింది మనమే, మన జీతాలు చూసి అద్దెలు పెరిగిందీ నిజమే. 2020కి జనాభా మళ్లీ 2,92,449. 2022లో ఒక అద్దెల సైట్ దేశంలోకెల్లా ఖరీదైన ఊరు ఇదేనంది. టవర్ల ప్రకటనలు చూసి వేసిన లెక్క అది, మన వాటాల ఇళ్లు అందులో ఎక్కడ కనపడతాయి?

ఇక మనకి పనికొచ్చే చరిత్ర. 1970ల్లో అద్దెదారులు పోట్లాడి సాధించుకున్నవి ఇంకా ఉన్నాయి. జెర్సీ సిటీ అద్దె నియంత్రణ 5, అంతకు మించి వాటాలున్న భవనాలకి వర్తిస్తుంది. ఏడాదికి పెంపు 4 శాతం లేదా ధరల సూచీ పెరుగుదల, ఏది తక్కువైతే అది. నాలుగు వాటాల ఇంటికి వర్తించదు. అంటే హైట్స్‌లో, జర్నల్ స్క్వేర్ సందుల్లో మనం దూరే ఇళ్లలో చాలావాటికి లేదు. కొత్త టవర్లకి 1987 రాష్ట్ర చట్టం 30 ఏళ్ల వరకు మినహాయింపు ఇస్తుంది, కాకపోతే ఓనర్ ముందే కాగితాలు దాఖలు చేయాలి. పోర్ట్‌సైడ్ టవర్స్ అద్దెదారులు ఆ కాగితాల మీదే ఏళ్లుగా పోరాడారు. అద్దెలు నిర్ణయించే సాఫ్ట్‌వేర్‌ని ఈ ఊరు 2025 మేలో నిషేధించడం వెనక కూడా అద్దెదారుల ఒత్తిడే. అలాంటి ప్రోగ్రాములు రాసేవాళ్లలో మనవాళ్లూ ఉంటారు, అది వేరే కథ.

నియంత్రణ లేని ఇంట్లోనూ మనం పూర్తిగా అనాథలం కాదండీ. 1974 చట్టం ప్రకారం లీజు అయిపోయిందన్న కారణం ఒక్కటే చూపించి ఖాళీ చేయించలేరు. ఓనర్ అదే ఇంట్లో ఉండి, అద్దెకిచ్చినవి రెండు వాటాలకి మించకపోతే మాత్రం ఈ రక్షణ ఉండదు. డిపాజిట్ నెలన్నర అద్దెకి మించకూడదు, ఖాళీ చేశాక 30 రోజుల్లో లెక్క తేల్చి తిరిగివ్వాలి. అలాంటి చిన్న ఓనర్ ఇంట్లో ఆ డిపాజిట్ చట్టం కావాలంటే మనమే ముందుగా రాసి అడగాలి.

బేస్‌మెంట్ చవగ్గా వస్తోందని వెళ్లేవాళ్లకి ఇంకో మాట. 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా వానకి నది అవతల న్యూయార్క్‌లో బేస్‌మెంట్ ఇళ్లలో 11 మంది నీళ్లలో మునిగి పోయారు. అందులో ఎక్కువమంది మనలా వలసొచ్చినవాళ్లే.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర పోస్టు డబ్బాలు లెక్కపెట్టండి. ఐదు కనపడితే సిటీ హాల్ వాళ్ల ల్యాండ్‌లార్డ్-టెనెంట్ ఆఫీసుకి వెళ్లి, ఆ వాటాకి నమోదైన అద్దె ఎంతో కనుక్కోండి. సంతకం దాని తర్వాత.