మొదటి పేజీలో చోటు

వెతికితే మొదటి పేజీలో మన పేరు రావాలి. కంపెనీల వెబ్‌సైట్లకు రాసిపెట్టే నాబోటి వాళ్లకు యజమానులు చెప్పే మొదటి మాట ఇదే, బిల్లు ఇచ్చేటప్పుడు అడిగే చివరి మాటా ఇదే. మధ్యలో ఏం రాయాలి, చదివేవాడికి ఏం కావాలి అన్న చర్చ జరిగితే జరుగుతుంది, లేకపోతే లేదు. ఈ పనికి ముప్పయ్యేళ్ల చరిత్ర ఉంది. అందులో సగం నా కళ్లముందే నడిచింది. మంచి పేజీకి ఫలానాది గుర్తు అని సెర్చింజన్ ఎప్పుడు తేల్చినా, ఆ గుర్తు వెంటనే బజార్లో అమ్మకానికి వచ్చింది. గుర్తు కొనుక్కున్నవాళ్లు సరుకు సంగతి మరిచారు. ఈ చరిత్రంతా ఆ బేరసారాల కథే.

1994లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో తమకు పనికొచ్చే సైట్ల జాబితా ఒకటి రాసుకున్నారు. అదే యాహూ అయింది. మనుషులు కూర్చుని, ఒక్కో సైటూ చూసి, తగిన విభాగంలో చేర్చేవారు. విభాగం లోపల పేర్లు అక్షరక్రమంలో ఉండేవి. ఇంకేముంది, ఇంగ్లీషు ‘ఏ’తోనో అంకెతోనో మొదలయ్యే పేర్లు పెట్టుకున్న వ్యాపారాలు పుట్టుకొచ్చాయి. టెలిఫోన్ డైరెక్టరీ పసుపు పేజీల్లో ముందుండాలని అమెరికా ప్లంబర్లు అంతకుముందు నుంచీ చేస్తున్న పనే ఇది. తర్వాత్తర్వాత వ్యాపార సైటుని పరిశీలించడానికే యాహూ ఏడాదికి 299 డాలర్లు తీసుకునేది.

మనుషులు చూసి చేర్చే పద్ధతి వెబ్ పెరిగిన వేగానికి ఆగలేదు. 1994లోనే వచ్చిన వెబ్‌క్రాలర్, పేజీలో ఉన్న ప్రతి మాటనూ సూచీలోకి ఎక్కించింది. 1995 డిసెంబరులో వచ్చిన ఆల్టావిస్టా ఆ పనిని భారీ ఎత్తున, కళ్లు తిరిగే వేగంతో చేసింది. వెతికిన మాట పేజీలో ఎన్నిసార్లుంటే ఆ పేజీ అంత దగ్గరిదని అప్పటి లెక్క. ఈ లెక్క బయటికి పొక్కగానే తెల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఒకే మాటను వందలసార్లు రాసే విద్య మొదలైంది. చదివేవాడికి ఖాళీగా కనిపించే చోట యంత్రానికి మాటల గుట్ట కనిపించేది. పేజీ దేని గురించో యంత్రానికి చెవిలో చెప్పడానికి ‘మెటా కీవర్డ్స్’ అని ఒక అర ఉండేది. టైర్లు అమ్మేవాడు కూడా అందులో సినిమా తారల పేర్లు నింపేవాడు. ఆ అరను ర్యాంకు కోసం తాము పట్టించుకోవడం లేదని గూగుల్ 2009లో బాహాటంగా ప్రకటించింది. ఆ తర్వాత కూడా చాలాకాలం దాన్ని నింపమని అడిగే క్లయింట్లు నాకు తగిలారు.

ఆ రోజుల దురవస్థకు మంచి సాక్ష్యం 1998లో గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ రాసిన పరిశోధన పత్రంలో ఉంది. 1997 నవంబరు నాటికి పేరున్న నాలుగు సెర్చింజన్లలో, తన పేరుతో తనలో వెతికితే మొదటి పది ఫలితాల్లో తానే కనిపించేది ఒక్కటేనట! వాళ్ల ఉపాయం పండిత లోకం నుంచి వచ్చింది. ఒక పరిశోధనను ఎంతమంది ఉటంకిస్తే దానికంత విలువ. అలాగే ఒక పేజీకి ఎన్ని పేజీలు లింకు ఇస్తున్నాయి, ఆ ఇచ్చేవాటికి ఎంత పరువుంది అని చూశారు. ఎవరి గురించి వాళ్లు ఎంతైనా చెప్పుకోవచ్చు, పక్కవాడు చెబితేనే నమ్మకం అన్నది వాళ్ల తర్కం. పేజ్‌ర్యాంక్ పుట్టింది. కొన్నేళ్లు బాగా పనిచేసింది కూడా.

2000లో గూగుల్ తన టూల్‌బార్‌లో ప్రతి పేజీకీ పదికి ఇన్ని మార్కులని చూపించే చిన్న పచ్చగీత పెట్టింది. పరువుకి అంకె వచ్చాక ధర రావడం ఎంతసేపు? ఆరు మార్కుల సైటు నుంచి లింకుకి ఒక రేటు, నాలుగు మార్కులదానికి ఇంకో రేటు. 2003 నవంబరులో ‘ఫ్లోరిడా’ అని పిలిచే మార్పు వచ్చి, క్రిస్మస్ అమ్మకాల ముంగిట ఎందరో చిన్న వర్తకుల పేజీలు అడుగుకి జారిపోయాయి. పెద్దవాళ్లూ తప్పించుకోలేదు. యంత్రానికి ఒక పేజీ, మనిషికి ఇంకో పేజీ చూపిస్తోందని 2006 ఫిబ్రవరిలో బీఎండబ్ల్యూ జర్మనీ సైటుని గూగుల్ కొద్దిరోజులు తన సూచీ నుంచే తీసేసింది.

నేను ఈ పనిలోకి వచ్చింది ఆ తర్వాత, లింకుల బేరం జోరుగా సాగుతున్నప్పుడు. హైదరాబాదులో చిన్న ఆఫీసు. క్లయింట్లంతా అమెరికాలో ఇంటి కప్పులు వేసేవాళ్లు, ప్లంబర్లు, పళ్ల డాక్టర్లు. డాబా ఇళ్లలో పుట్టి పెరిగిన మేము, వడగళ్లకు దెబ్బతిన్న టెక్సాస్ షింగిల్ కప్పు గురించి ఐదు వందల మాటల వ్యాసం రాసేవాళ్లం. కీవర్డు వందకి రెండు మూడుసార్లు రావాలి, మొదటి వాక్యంలో ఒకసారి తప్పనిసరి. ‘ఇంటికి కప్పు చాలా ముఖ్యం’ అనే సత్యాన్ని నేనెన్ని రకాలుగా చెప్పానో లెక్కలేదు. రాసిన వ్యాసాన్ని ‘స్పిన్’ చేసేవాళ్లం: ఒక్కో మాట పక్కన దాని పర్యాయపదాలు ఫ్లవర్ బ్రాకెట్లలో పెడితే, సాఫ్ట్‌వేరు వాటిని అటూ ఇటూ మార్చి ఒకదాన్ని యాభై చేసేది. ఆ యాభై, యాభై ఆర్టికల్ డైరెక్టరీల్లోకి వెళ్లేవి, ప్రతిదాని అడుగునా ఒక లింకు. వాటిని మనిషనేవాడు చదువుతాడని మా ఆఫీసులో ఎవరమూ అనుకోలేదు, క్లయింటుతో సహా.

ఇదే పనిని అమెరికాలో డిమాండ్ మీడియా పరిశ్రమ స్థాయిలో చేసింది. జనం దేనికోసం వెతుకుతున్నారో, దాని మీద ప్రకటనకు ఎంత వస్తుందో ముందు లెక్కకట్టి, ఆ తర్వాత చవగ్గా రాయించి ఈహౌ సైటులో పెట్టేది. 2011 జనవరిలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకి ఎక్కిన రోజు దాని విలువ న్యూయార్క్ టైమ్స్ కంపెనీని మించింది. ఫిబ్రవరిలో గూగుల్, చవకబారు పేజీలను కిందికి నెట్టే ‘పాండా’ అనే మార్పును వదిలింది. ఎలుగుబంటి కాదు, నవనీత్ పాండా అనే ఇంజనీరు పేరది. అమెరికాలో జరిగే వెతుకులాటల్లో 11.8 శాతం ఫలితాలు మారిపోయాయి. ఏప్రిల్ విడత ఈహౌకీ తగిలింది. పేరు మార్చుకున్న ఆ కంపెనీ 2021లో అమ్ముడైనప్పుడు పలికింది సుమారు 32 కోట్ల డాలర్లు. 2012 ఏప్రిల్‌లో ‘పెంగ్విన్’ వచ్చి కొన్న లింకుల పని పట్టింది. లింకులు కట్టిన ఆఫీసులే ఆ లింకులు తీసేయమని వేడుకుంటూ మెయిళ్లు రాయడం నేను చూశాను. తీసేయడానికీ ఫీజు అడిగినవాళ్లున్నారు.

పాండా తర్వాత గూగుల్ సైటు యజమానులు తమను తాము వేసుకోవాల్సిన 23 ప్రశ్నలు ప్రకటించింది. ఈ వ్యాసాన్ని అచ్చు పత్రికలో చూస్తే సహజంగా అనిపిస్తుందా, ఈ సైటుకి మీ క్రెడిట్ కార్డు నంబరు ఇస్తారా, ఇలాంటివి. ఏ మంచి సబెడిటరైనా అడిగేవే. పదిహేడేళ్ల మాటల లెక్కలూ లింకుల లెక్కలూ అయ్యాక యంత్రం వచ్చి నిలబడ్డది అచ్చాఫీసు గుమ్మం ముందు.

తెలుగుది వేరే దారి. లిపులకు ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా, తొలినాళ్ల పత్రికల సైట్లు సొంత ఫాంట్లలో ఉండేవి. తెర మీద తెలుగే, లోపల సంకేతాలు ఇంగ్లీషువి. సెర్చింజన్‌కి అర్థంలేని అక్షరాల కుప్ప. ఎంత గొప్పగా రాసినా వెతికితే దొరకదు. యూనికోడ్ వాడకం పెరిగి, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలై, తర్వాత బ్లాగులు వచ్చాకే తెలుగుమాట తెలుగులో దొరకడం మొదలైంది. 2018లో గూగుల్ ప్రకటనల పథకం యాడ్‌సెన్స్ తెలుగును ఒప్పుకోవడంతో పేజీకి ఆదాయం వచ్చింది, దాంతోపాటే పాత జబ్బూ వచ్చింది. ‘ధర ఎంతంటే’, ‘కారణం ఇదే’ అని శీర్షిక పెట్టి, ఆ ఒక్క ముక్కా ఏడో పేరాలో దాచే వార్తలు ఆ కోవవే.

ఇప్పుడు మా అందరి పనీ ఏఐ యంత్రం చేసేస్తోంది. ‘ఇంటికి కప్పు ముఖ్యం’ అని ఐదు వందల మాటల్లో రాయడానికి మనిషి అక్కర్లేదు. 2024 మార్చిలో గూగుల్, ర్యాంకు కోసం గుట్టలుగా తయారుచేసే పేజీల మీద కొత్త నిబంధన పెట్టింది. అవి మనిషి రాసినవా యంత్రం రాసినవా అన్న తేడా అందులో లేదు. అది న్యాయమే, ఎందుకంటే మేము మనుషులమై ఉండి రాసినవీ అలాంటివే.

రాసేవాళ్లకు మిగిలింది యజమాని నోట్లో ఉన్న సమాచారం. పోచంపల్లి చీరలమ్మే ఒకాయన సైటు నిండా ‘ప్రసిద్ధి చెందిన’, ‘సంప్రదాయ’ అనే మాటలే ఉండేవి. మాటల్లో పెడితే ఆయనే చెప్పాడు: ఇక్కత్‌లో నూలుకి ముందే రంగు కట్టి నేస్తారు కాబట్టి తిరగేసి చూసినా డిజైను అంతే నిండుగా ఉంటుంది, అచ్చువేసిన నకిలీకి వెనకవైపు వెలవెలబోతుంది. కొనేవాళ్లు రోజూ ఫోన్లో అడిగేది ఇదే. సైటులో మాత్రం లేదు. అందుకే కొత్త క్లయింటు వస్తే, ముందు మీ కొట్లో ఫోనెత్తే మనిషితో మాట్లాడించండి అంటాను. ఆ మనిషి చెప్పే జవాబులు రాశాకే కీవర్డుల జాబితా తెరుస్తాను. అప్పటికి అందులో సగం కీవర్డులు వాటంతటవే పేజీలోకి వచ్చి ఉంటాయి.