కందెన వేసే హక్కు

వారంటీ ఉన్నంతకాలం బండి మీద సొంతంగా చెయ్యి వేయకూడదని, వేస్తే కంపెనీ బాధ్యత అక్కడితో తీరిపోతుందని చాలామంది నమ్ముతారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలోనూ అంతే. ఆయిల్ మార్చడం బాగా తెలిసిన మనిషి కూడా కొత్త కారు కొన్నాక మూడేళ్లపాటు బానెట్ ఎత్తడానికి జంకుతాడు. ఎయిర్ ఫిల్టర్ దులపడానికి కూడా షోరూంకు వెళ్లి టోకెన్ తీసుకుని కూర్చుంటాడు. ఈ కట్టడి వ్యాపారంలో మొదటినుంచీ ఉన్న ధర్మమన్నట్టు చలామణీ అవుతోంది. వెనక్కి వెళ్లి చూస్తే మాత్రం ఇది నిన్నగాక మొన్న వచ్చిందని తెలుస్తుంది. వస్తువు చేసినవాడి బాధ్యత, దాన్ని వాడేవాడి చేతిపని ఈ నేల మీద చాలాకాలం పక్కపక్కనే నడిచాయి. ఒకటి ఉంటే రెండోది ఉండరాదన్న షరతు యంత్రంతో పుట్టలేదు, చట్టంతోనూ పుట్టలేదు. అమ్మేవాళ్ల లాభం కోసం మధ్యలో వచ్చి చేరింది.

మోటారు బండికి ముందున్న ఎద్దులబండి దగ్గర మొదలుపెడదాం. విజయనగర కాలంలో బలపడిన ఆయగార్ల వ్యవస్థలో వడ్రంగికీ కమ్మరికీ ఊరి పంటలో వాటా ఉండేది. కళ్లంలోనే వాళ్ల గింజలు కొలిచేవాళ్లు. దానికి బదులు ఏడాది పొడవునా మడకలు, బండ్లు, కొడవళ్లు బాగుచేయడం వాళ్ల పని. కొయ్య, ఇనుము రైతు తెచ్చుకోవాలి. చాకిరీకి వేరే కూలి లేదు. ఆ పనుల్లో ఏది ఎవరిదో స్పష్టంగా ఉండేది. చక్రానికి ఇనుప పట్టా వేయడమే చూడండి. చక్రం చుట్టుకొలత కన్నా పట్టాను రవంత తక్కువ కొలతకు వంచి అతుకుతారు. పిడకల మంటలో అది ఎర్రగా కాలి సాగుతుంది. పట్టకార్లతో ఎత్తి కొయ్యచక్రం మీదికి దించి, చుట్టూ సుత్తులతో సరిచేసి, కొయ్య అంటుకోకముందే నీళ్లు కుమ్మరిస్తారు. చల్లారేకొద్దీ ఇనుము ముడుచుకుని చక్రాన్నంతటినీ ఒక్కటిగా బిగించేస్తుంది. ఇది రైతు చేతికి లొంగే పని కాదు, కమ్మరి పని. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి ఇరుసుకు కందెన వేయడం, చీల ఊడుతోందేమో చూసుకోవడం, మోకులు బిగించడం బండి తోలేవాడి పని. పట్టా వదులైందని బండి తోలుకువస్తే, కందెన నువ్వే వేసుకున్నావు కాబట్టి నాకు సంబంధం లేదని కమ్మరి అనడం ఆ కట్టుబాటులో ఊహకు కూడా అందని మాట. ఆ వ్యవస్థను నెత్తికెత్తుకోవాల్సిన పని లేదు. కులంతో కట్టేసిన చాకిరీ అది. గింజలు తగ్గించి కొలిచినా అడిగే దిక్కుండేది కాదు. కానీ రోజువారీ సంరక్షణ వేరు, నిర్మాణ లోపం వేరు అన్న తేడా అప్పటికే జనానికి తెలుసుననడానికి అది గట్టి సాక్ష్యం.

యంత్రాలు వచ్చాక ఆ తేడా పోలేదు, ఇంకా బలపడింది. దానికి కారణం ఈ ప్రాంతపు భూగోళమే. 1890ల్లో వేసిన పాకాల–ధర్మవరం రైలుమార్గం మదనపల్లె ఊళ్లోకి రాలేదు, మదనపల్లె రోడ్ స్టేషన్ దూరంగా చిన్నతిప్పసముద్రం దగ్గర ఉంది. పుంగనూరుకు రైలే లేదు. మూడింటిలోనూ కుప్పం ఒక్కటే మద్రాసు–బెంగళూరు లైను మీద పడింది. మిగతాదంతా రోడ్డు బతుకు. బస్సయినా లారీ అయినా ఆగినచోటే బాగుపడాలి. 1957లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ తెచ్చిన అంబాసిడర్ అలాంటి రోడ్లకు సరిపోయింది. కాంటాక్ట్ పాయింట్ల సందును ఫీలర్ గేజీతో సరిచేయడం, కార్బురేటరు విప్పి జెట్లు ఊదడం, టాపెట్ల సందు సర్దడం, గ్రీజు గన్నుతో నిప్పుల్స్ నింపడం డ్రైవరు పనిలో భాగమనే అందరూ అనుకునేవాళ్లు. ఆ పనులు రానివాణ్ణి డ్రైవరుగా పెట్టుకోవడానికే యజమానులు వెనకాడేవాళ్లు.

పొలాల్లోనూ ఇదే కథ. ఆయిల్ ఇంజన్ల తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి, బావులు ఎండిపోతూ బోర్లు లోతెక్కాక సబ్‌మెర్సిబుల్ మోటార్లు వచ్చాయి. మోటారు కాలిపోతే రివైండింగ్ షాపులో కాలిన చుట్టను విప్పుతారు. ఒక్కో కాయిల్లో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెడతారు, తీగ మందం గేజీతో కొలుస్తారు, అదే లెక్కకు కొత్త రాగితీగ చుడతారు. కంపెనీ ఏ పుస్తకమూ ఇవ్వకపోయినా, పాడైన వస్తువు నుంచే దాని లెక్క రాబట్టే విద్య ఇది. ఈ మూడు పట్టణాల గ్యారేజీలు, లేత్ షాపులు, రివైండింగ్ షాపులు బతికింది ఈ విద్య మీదే. దీన్ని నాటువైద్యంలా చిన్నచూపు చూసే అలవాటు మన చదువుకున్నవాళ్లలో ఉంది. అది అన్యాయం.

మరి ఈ విద్యకు తాళం ఎప్పుడు పడింది? 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కడంతో, అధీకృత సర్వీస్ స్టేషన్ల వల దేశమంతా అల్లుకోవడం మొదలైంది. దానివల్ల మేలు జరిగింది. పార్టులు ఒకే నాణ్యతతో దొరికాయి, పనికి బిల్లు వచ్చింది. ఆ తర్వాత కాలుష్య నియమాలు బిగుసుకుంటూ పోయాయి. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమల్లోకి వచ్చాయి. కార్లలో కార్బురేటరు అంతకుముందే పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టె ఈసీయూ వచ్చాయి. లోపమెక్కడుందో చెప్పేది ఇప్పుడు స్కానరు. ఆ స్కానరు, మరమ్మతు పుస్తకం, అసలు పార్టు ఎవరి చేతిలో ఉంటే బండి వాళ్ల చేతిలో ఉన్నట్టే. వాటిని బయటి గ్యారేజీలకు అమ్మకపోవడం, బయట పని చేయిస్తే వారంటీ రద్దని రాయడం కలిసి కొనుగోలుదారును నాలుగువైపులా కట్టేశాయి. సాంకేతికత మారినందువల్ల ఇది దానంతట అదే జరిగిపోయిందని అనుకోవడం పొరపాటు. స్కానరు అమ్మకూడదన్నది ఇంజన్ పెట్టిన షరతు కాదు, మనుషులు తీసుకున్న నిర్ణయం.

ఇది నా ఒక్కడి మాట కాదు. 2011లో వచ్చిన ఒక ఫిర్యాదు మీద విచారణ జరిపిన కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు కలిపి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, పరీక్షా పరికరాలు బహిరంగ మార్కెట్లో దొరకనివ్వకుండా ఆ కంపెనీలు పోటీని చంపాయని తేల్చింది. బయటి గ్యారేజీలో పని చేయిస్తే వారంటీ మొత్తం రద్దన్న గంపగుత్త షరతు చెల్లదని అదే ఉత్తర్వు చెప్పింది. బయట జరిగిన తప్పుడు పని వల్ల నష్టం ఎంతవరకు కలిగిందో అంతవరకే వారంటీ నిరాకరించవచ్చంది. 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ అప్పీలుకు వచ్చిన కంపెనీల జరిమానా లెక్క మార్చింది, ఉల్లంఘన జరిగిందన్న నిర్ధారణను మాత్రం నిలబెట్టింది. ఈ సూత్రం కొత్తదేమీ కాదు. మన 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోనే వారంటీ అంటే అమ్మినవాడి మీద పడే బాధ్యత, అది తప్పితే కొన్నవాడికి నష్టపరిహారం అడిగే హక్కు. అమెరికా 1975లోనే మాగ్నసన్–మాస్ చట్టం తెచ్చి, ఫలానా కంపెనీ పార్టే వాడాలని, ఫలానా చోటే సర్వీసు చేయించాలని వారంటీకి ముడిపెట్టకూడదంది. ఉచితంగా ఇస్తే తప్ప. ఈ మినహాయింపు మనవాళ్లు బాగా గుర్తుంచుకోవాలి. మన దగ్గర ఫ్రీ సర్వీసు అంటే చాలాసార్లు కూలి ఒక్కటే ఉచితం, ఆయిలుకూ ఫిల్టర్‌కూ బిల్లు పడుతుంది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బరువైనది భద్రత. నేటి కారులో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ బ్రేకులు, హైబ్రిడ్ బండ్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉన్న బ్యాటరీ ఉన్నాయి. ఇంట్లో స్పానర్ పట్టుకున్న ప్రతివాడూ వాటి మీద చెయ్యి వేయవచ్చా అంటే వేయకూడదనే అంటాను. ఇనుప పట్టా కమ్మరిదన్నట్టే ఆ పనులు శిక్షణ ఉన్నవాళ్లవి. కానీ ఎయిర్‌బ్యాగు ప్రమాదకరమైనదన్న నిజాన్ని చూపి వైపర్ బ్లేడు, క్యాబిన్ ఫిల్టర్, బల్బు, ఇంజన్ ఆయిల్ కూడా ముట్టుకోవద్దనడం తర్కం కాదు. కంపెనీ ఇచ్చే యజమాని పుస్తకమే ఆయిల్ మట్టం చూడడం, ఫ్యూజు మార్చడం, చక్రం విప్పడం నేర్పుతుంది. నకిలీ పార్టుల గురించిన రెండో అభ్యంతరం మరింత నిజం. డూప్లికేట్ ఫిల్టర్లు, కల్తీ ఆయిళ్లు మార్కెట్లో ఉన్నాయి. వాటివల్ల టర్బో పాడైతే కంపెనీ ఎందుకు భరించాలి? భరించనక్కర్లేదు. కాంపిటీషన్ కమిషన్ ఉత్తర్వు అర్థం కూడా అదే. అయితే ఆయిల్ మార్చుకున్నందుకు పవర్ విండో మోటారు వారంటీ ఎగిరిపోదు. పైగా అసలు పార్టు అధీకృత దుకాణంలో తప్ప దొరకనీయకుండా చేసింది కంపెనీలే. నకిలీలకు దారి తెరిచినవాటిలో ఆ కొరత కూడా ఉంది.

అందుకే సొంతంగా పని చేసుకునేవాడికి స్పానర్ ఎంత ముఖ్యమో కాగితం అంత ముఖ్యం. ఆయిల్ మార్చడమే తీసుకోండి. ఇంజన్ కాస్త వేడెక్కనిచ్చి, బండిని గట్టి స్టాండ్ల మీద నిలిపి, డ్రైన్ బోల్టు విప్పి పాత ఆయిల్ పూర్తిగా కారనివ్వాలి. బోల్టు కింద వాషర్ కొత్తది వేయాలి. కొత్త ఫిల్టర్ రబ్బరు అంచుకు వేలితో ఆయిల్ రాసి చేత్తోనే బిగించాలి. పుస్తకంలో ఏ గ్రేడు రాసి ఉంటే అదే పోయాలి, పక్కింటివాళ్ల బండికి ఏం పోశారన్నది లెక్కలోకి రాదు. తర్వాత ఆయిల్ బిల్లు, ఫిల్టర్ బిల్లు, తేదీ, మీటరు రీడింగు కనబడేలా ఒక ఫొటో కలిపి ఒకచోట పెట్టుకోవాలి. పుస్తకంలోని కిలోమీటర్ల గడువు దాటకుండా ఇది జరిగిందని చూపించగలిగితే, నిర్లక్ష్యం అన్న ఆరోపణకు సమాధానం ఉన్నట్టే. వివాదం జిల్లా వినియోగదారుల కమిషన్ దాకా వెళ్తే, 2019 చట్టం 38వ సెక్షన్ కింద వస్తువు లోపాన్ని ల్యాబులో పరీక్ష చేయించే వీలుంది. అప్పుడు ఎవరి మాట నెగ్గాలన్నది పరీక్ష ఫలితం మీద ఆధారపడుతుంది.

షోరూం బాగానే పనిచేస్తోంది కదా, ఇంత తాపత్రయం ఎందుకని అడిగేవాళ్లు మహానగరంలో ఉండేవాళ్లు. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్లే 42వ జాతీయ రహదారి వంద కిలోమీటర్లకు పైబడిన దారి. దాని పక్కనే కౌండిన్య అడవి, ఏనుగులు. రామకుప్పం, గుడుపల్లె, సోమల, సోదం మండలాల పల్లెల్లో బండి ఉన్నవాడికి చిన్న సర్వీసు అంటే ఒక రోజు పోవడం. 2005లో వచ్చిన టాటా ఏస్, ఆ తర్వాతి పికప్పులు ఇక్కడ చాలా ఇళ్లకు కూలి తెచ్చే బండ్లు. మదనపల్లె మార్కెట్‌కు టమోటా తెచ్చే బండి కోతరోజున సర్వీసు క్యూలో నిలబడితే, క్రేట్లలోని కాయ ఆగదు. ఆ యజమానికి వారంటీ భయం రూపాయల లెక్కలోకి దిగుతుంది.

కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. వ్యవసాయ యంత్రాలతో పాటు మోటారు వాహనాలూ అందులో ఉన్నాయి. కంపెనీలు మాన్యువళ్లు, పార్టుల వివరాలు అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. అమెరికాలో ఉన్నటువంటి చట్టం మాత్రం మనకు ఇంకా లేదు. అది వచ్చేలోపే చేయగలిగింది ఒకటుంది. వాహనంతో ఇచ్చే వారంటీ పుస్తకం ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటోంది, పికప్పు నడిపేవాళ్లలో చాలామంది చదివేది తెలుగు. ఆ పుస్తకం తెలుగులో రావాలి. బయటి పని వల్ల నష్టం జరిగిన మేరకే వారంటీ పోతుందన్న వాక్యం దాని మొదటి పేజీలో, షోరూం చిరునామా కన్నా పైన అచ్చుకావాలి.