హాకీ టెయిల్‌గేట్ పార్టీ

ఐస్ హాకీ ఆట చూడడానికి వచ్చిన అభిమానులు, ఆట ప్రారంభం కావడానికి ముందు క్రీడాప్రాంగణపు పార్కింగ్ స్థలంలో తమ వాహనాల వద్దనే వంట చేసుకొని జరుపుకొనే సామూహిక విందును హాకీ టెయిల్‌గేట్ పార్టీ అంటారు. ఈ ఆచారం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఎక్కువగాను, కెనడాలో కొంత తక్కువగాను కలదు. భారతదేశంలో హాకీ అనగానే మైదానంలో ఆడే ఆట గుర్తుకు వస్తుంది. ఉత్తర అమెరికాలో మాత్రం ఆ మాట మంచుగడ్డ మీద స్కేట్లు ధరించి ఆడే ఆటకు వర్తిస్తుంది. ఈ వ్యాసంలో హాకీ అన్నచోట ఐస్ హాకీ అని గ్రహించాలి.

హాకీ ప్రధానంగా శీతాకాలపు ఆట. అందువలన ఈ విందు తరచుగా ఆరుబయట, గడ్డకట్టే చలిలో జరుగుతుంది. నిప్పు, వాహనాలు మరియు మద్యం ఒకే చోట ఉంటాయి. వంటకాల పట్టికతో పాటు ఏ వస్తువులు తీసుకొని వెళ్లాలి, ఏ పని ఎన్ని గంటలకు ముగియాలి, నిప్పును ఎప్పుడు ఆర్పాలి అనే విషయాలను ముందుగా నిర్ణయించుకొనడమే ఈ విందు ఏర్పాట్లలో ముఖ్యమైన భాగం.

పేరు

పికప్ ట్రక్కు లేదా స్టేషన్ వ్యాగన్ వంటి వాహనాలకు వెనుకభాగాన కిందికి వాలే తలుపును ఆంగ్లంలో టెయిల్‌గేట్ అంటారు. దానిని కిందికి దించితే బల్ల వలె ఉపయోగపడుతుంది. దానిపై ఆహారం పెట్టుకొని తినే అలవాటు వలన విందుకు ఈ పేరు వచ్చింది. ప్రస్తుతం ఎటువంటి వాహనం వద్ద జరుపుకొన్నా ఇదే పేరుతో పిలుస్తారు.

చరిత్ర

ఈ ఆచారం ఎక్కడ మొదలైనదనే విషయంపై ఏకాభిప్రాయం లేదు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1861 జూలైలో వర్జీనియాలో జరిగిన మొదటి బుల్ రన్ యుద్ధాన్ని చూడడానికి వాషింగ్టన్ నగరవాసులు భోజనపు బుట్టలతో గుర్రపు బండ్లలో వెళ్లారు. దీనినే తొలి టెయిల్‌గేట్ విందుగా కొందరు చెబుతారు. 1869 నవంబరులో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల మధ్య జరిగిన ఫుట్‌బాల్ ఆటను మరికొందరు ఆరంభంగా చూపుతారు. ఏది ఏమైనా, 20వ శతాబ్దంలో సొంత కార్ల వాడకం పెరిగిన తరువాతనే ఇది నేటి రూపం పొందింది. అమెరికన్ ఫుట్‌బాల్‌తో దీనికి గల అనుబంధం మిక్కిలి గాఢమైనది. హాకీ అభిమానులు కూడా ఈ ఆచారాన్ని తమ ఆటకు అన్వయించుకొన్నారు.

హాకీలో ఈ ఆచారం

1917లో స్థాపించబడిన నేషనల్ హాకీ లీగ్ (సంక్షిప్తంగా ఎన్.హెచ్.ఎల్.) ఆటలు సాధారణంగా అక్టోబరు నుండి ఏప్రిల్ వరకు, ఆ తరువాత ప్లేఆఫ్ పోటీలు జూన్ వరకు జరుగుతాయి. ఆటలు పైకప్పు గల ప్రాంగణాలలో, ఎక్కువగా సాయంత్రం 7 గంటల ప్రాంతంలో మొదలవుతాయి. చాలా ప్రాంగణాలు నగర మధ్యభాగంలో ఉన్నాయి. ఉదాహరణకు న్యూయార్క్ లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ఒక రైల్వే స్టేషను పైననే నిర్మించబడినది. విశాలమైన పార్కింగ్ స్థలం లేని ఇటువంటి చోట్ల టెయిల్‌గేట్ విందుకు అవకాశం లేదు.

దీనికి భిన్నమైనది నార్త్ కరోలినా రాష్ట్రంలోని రాలీ నగరం. 1997లో హార్ట్‌ఫోర్డ్ నుండి తరలివచ్చిన కరోలినా హరికేన్స్ జట్టు, 1999 నుండి ఈ నగరపు ప్రాంగణంలో ఆడుతున్నది. దీనికి 2024లో లెనోవో సెంటర్ అని పేరు మార్చారు. పక్కనే నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయపు కార్టర్-ఫిన్లీ ఫుట్‌బాల్ స్టేడియం కలదు. ఈ రెండింటి చుట్టూ ఉన్న విశాలమైన పార్కింగ్ స్థలం వలన, ఫుట్‌బాల్ అభిమానుల అలవాటు హాకీకి కూడా సంక్రమించింది. రాలీ పరిసరాలలోని కేరీ, మోరిస్‌విల్ పట్టణాలలో ఉద్యోగరీత్యా స్థిరపడిన తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి.

ఫుట్‌బాల్ స్టేడియాలలో ఆరుబయట నిర్వహించే హాకీ ఆటలు ఈ ఆచారాన్ని మరింత వ్యాపింపజేశాయి. వాటిలో ముఖ్యమైనవి:

* 2001 అక్టోబరు 6: మిషిగన్ రాష్ట్రంలోని స్పార్టన్ స్టేడియంలో రెండు విశ్వవిద్యాలయాల జట్ల మధ్య ఆట. ప్రేక్షకులు 74,544 మంది.
* 2003 నవంబరు 22: కెనడాలోని ఎడ్మంటన్‌లో ఎన్.హెచ్.ఎల్. హెరిటేజ్ క్లాసిక్. ప్రేక్షకులు 57,167 మంది. ఉష్ణోగ్రత సుమారు సున్నాకు దిగువ 18 డిగ్రీల సెల్సియస్.
* 2008 జనవరి 1: బఫెలో సమీపంలోని అప్పటి రాల్ఫ్ విల్సన్ స్టేడియంలో మొదటి వింటర్ క్లాసిక్. ప్రేక్షకులు 71,217 మంది.
* 2014 జనవరి 1: ఆన్ ఆర్బర్ లోని మిషిగన్ స్టేడియంలో వింటర్ క్లాసిక్. ప్రేక్షకులు 1,05,491 మంది.

కెనడాలో బహిరంగ స్థలాలలో మద్యం సేవించడంపై ప్రాంతీయ ప్రభుత్వాల ఆంక్షలు ఉండడం వలన ఈ ఆచారం అంతగా వ్యాపించలేదు. ఒంటారియోలో 2019లో ప్రత్యేక అనుమతి విధానం ప్రవేశపెట్టబడింది.

ముందస్తు ప్రణాళిక

మొదట తెలుసుకొనవలసినవి ప్రాంగణపు నిబంధనలు. పార్కింగ్ స్థలం ఎన్ని గంటలకు తెరుస్తారు, బొగ్గు పొయ్యికి అనుమతి ఉన్నదా లేక గ్యాస్ పొయ్యి మాత్రమేనా, పందిరి వేయవచ్చునా, లోపలికి ఎంత సంచి అనుమతిస్తారు అనే విషయాలలో ప్రాంగణానికీ ప్రాంగణానికీ తేడా ఉంటుంది. తరువాత వాతావరణ సూచన చూడాలి. ఉష్ణోగ్రతతో పాటు గాలి వేగం కూడా ముఖ్యం. ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 18 డిగ్రీలు ఉండి, గాలి గంటకు 24 కిలోమీటర్ల వేగంతో వీచినపుడు శరీరానికి అది సున్నాకు దిగువ 28 డిగ్రీల చలితో సమానం. ఆ స్థితిలో కప్పుకొనని చర్మం సుమారు 30 నిమిషాలలో గడ్డకట్టే ప్రమాదం కలదు.

పనులను ముందుగానే పంచుకొనడం మంచిది. పొయ్యి ఒకరు, వేడి పదార్థాలు ఒకరు, బల్లలు మరియు కుర్చీలు ఒకరు తెస్తే వస్తువులు రెండేసి రావు, ఏదీ మరచిపోవడం జరగదు. తిరుగు ప్రయాణంలో వాహనం నడిపేవారిని కూడా ఈ దశలోనే నిర్ణయించాలి. విందు మొదలైన తరువాత ఈ నిర్ణయం తీసుకొనడం కష్టం.

తీసుకొని వెళ్లవలసిన సామగ్రి

* వంటకు: పొయ్యి, ఇంధనం, అగ్గిపెట్టె లేదా లైటరు, పొడవైన పట్టకారు, గరిటెలు, ఆహారపు ఉష్ణమాపకం, అల్యూమినియం రేకు, కోసేందుకు పలక మరియు కత్తి.
* కూర్చొనడానికి: మడత బల్ల, మడత కుర్చీలు, పందిరి, దానిని గాలికి నిలపడానికి బరువులు.
* చలికి: కంబళ్లు, అదనపు మేజోళ్లు, చేతి తొడుగులు, ఉన్ని టోపీలు, కాళ్ల కింద పరచడానికి అట్టముక్కలు.
* భద్రతకు: మంటలార్పే సాధనం, నీరు, ప్రథమ చికిత్స పెట్టె, టార్చిలైటు, బూడిద కోసం మూత గల లోహపు డబ్బా.
* వాహనానికి: మంచు తీసే పార, అద్దంపై మంచు గీకే పరికరం, బ్యాటరీ కలిపే తీగలు.
* శుభ్రతకు: చెత్త సంచులు, కాగితపు తువ్వాళ్లు, చేతులు కడుగుకొనే ద్రవం.

అట్టముక్కలు చిన్న వస్తువులే అయినా వాటి ప్రయోజనం పెద్దది. గడ్డకట్టిన తారునేల పాదాల వేడిని వేగంగా లాగివేస్తుంది, అట్ట దానిని అడ్డుకుంటుంది. ధరించే దుస్తులు పొరలు పొరలుగా ఉండాలి. చెమటతో గాని మంచుతో గాని తడిసిన నూలు బట్ట వెచ్చదనం కోల్పోతుంది కనుక లోపలి పొరగా ఉన్ని లేదా కృత్రిమ దారపు బట్ట మేలు.

చలిలో ఇంధనం, ఆహారం

బ్యూటేన్ సున్నాకు కొంచెం దిగువనే (-0.5 డిగ్రీలు) ద్రవంగా మారుతుంది. అందుచేత గడ్డకట్టే చలిలో బ్యూటేన్ పొయ్యి వెలగదు. ప్రొపేన్ మరిగే స్థానం సున్నాకు దిగువ 42 డిగ్రీలు కనుక హాకీ విందులకు దానినే వాడతారు. అయినను చలి పెరిగేకొద్దీ సిలిండరులో పీడనం తగ్గి మంట మందగిస్తుంది. చిన్న సిలిండర్లయితే అదనంగా ఒకటి ఉంచుకొనడం అవసరం. బొగ్గుపై చలి ప్రభావం తక్కువ. కాని అది వంటకు సిద్ధమగుటకు 20 నుండి 30 నిమిషాలు, చల్లారుటకు అనేక గంటలు పడుతుంది.

సాసేజ్‌లు, హాంబర్గర్లు, కోడి రెక్కలు, చిక్కుడు గింజలు మరియు మాంసంతో చేసే చిల్లీ అనే వంటకం ఈ విందులలో సాధారణం. కారపు సాసుతో చేసే కోడి రెక్కలు 1964లో హాకీ నగరమైన బఫెలోలోనే ప్రసిద్ధిలోకి వచ్చాయి. శాకాహారులు మొక్కజొన్న కంకులు, కూరగాయల బర్గర్లు, మాంసం లేని చిల్లీ చేసుకొంటారు. చలిలో పళ్లెంలోని ఆహారం కొద్ది నిమిషాలలోనే చల్లారిపోతుంది. కనుక గిన్నెలో తాగగలిగే చిక్కటి పులుసులు, చేతితో పట్టుకొని తినగలిగే పదార్థాలు అనుకూలమైనవి. పదిమందికి సుమారు మూడున్నర లీటర్ల చిల్లీ, 20 సాసేజ్‌లు సరిపోతాయి. చిల్లీని ఇంటివద్దనే వండి, మరిగే నీటితో ముందుగా వేడిచేసిన ఫ్లాస్కులో నింపితే అక్కడ పొయ్యి పని సగం తగ్గుతుంది.

4 నుండి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆహారంలో సూక్ష్మజీవులు వేగంగా వృద్ధి చెందుతాయి. ఆ స్థితిలో ఆహారాన్ని 2 గంటలకు మించి ఉంచరాదు. బయట చలిగా ఉన్నంత మాత్రాన కారు లోపలి గిన్నెలు సురక్షితమని భావించరాదు. ఖీమాతో చేసిన బర్గరు లోపలి ఉష్ణోగ్రత 71 డిగ్రీలు, కోడిమాంసం 74 డిగ్రీలు చేరిన తరువాతనే తినాలి. చీకటిలో రంగు చూసి ఉడికినదీ లేనిదీ నిర్ణయించడం సాధ్యం కాదు కనుక ఉష్ణమాపకం తప్పనిసరి.

శీతాకాలంలో ఐస్‌బాక్సు ఉపయోగం తారుమారవుతుంది. పానీయాలు గడ్డకట్టకుండా కాపాడడానికి దానిని వాడతారు. నీరు గడ్డకట్టినపుడు ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. అందువలన బయట వదిలిన సోడా, బీరు డబ్బాలు పగిలిపోవచ్చు.

కాలపట్టిక

సాయంత్రం 7 గంటల ఆటకు, పార్కింగ్ స్థలం 4 గంటలకు తెరిచినచో, ఈ క్రింది పట్టిక అనుకూలంగా ఉంటుంది.

* 4:00 – చేరుకొనడం, బల్లలు వేయడం, బొగ్గు అంటించడం
* 4:30 – వంట ప్రారంభం
* 5:00 – భోజనం
* 5:45 – వంట ముగింపు, నిప్పు ఆర్పడం ప్రారంభం
* 6:15 – సామగ్రి సర్దడం, చెత్త తీయడం
* 6:30 – ప్రాంగణ ద్వారం వద్దకు బయలుదేరడం

ఆటగాళ్ల సన్నాహక విన్యాసాలు ఆటకు సుమారు అరగంట ముందు జరుగుతాయి. వాటిని చూడదలచినవారు అన్ని పనులను అరగంట ముందుకు జరుపుకొనాలి. ఆట 20 నిమిషాల చొప్పున మూడు భాగాలుగా జరుగుతుంది. విరామాలతో కలిపి సుమారు రెండున్నర గంటలు పడుతుంది. అంతసేపు వాహనాల వద్ద ఎవరూ ఉండరు. బొగ్గుపై నీరు పోసి, కలియబెట్టి, మళ్లీ నీరు పోసి, పూర్తిగా చల్లారిన తరువాతనే లోహపు డబ్బాలో వేయాలి. వేడి పొయ్యిని వాహనం కిందికి నెట్టడం, నిప్పులను చెత్తబుట్టలో వేయడం అగ్నిప్రమాదాలకు కారణమవుతాయి.

ప్రమాదాలు, జాగ్రత్తలు

కార్బన్ మోనాక్సైడ్: ఇది రంగు, వాసన లేని విషవాయువు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా బంధం ఏర్పరుస్తుంది. చలికి తాళలేక బొగ్గు పొయ్యిని గుడారంలోకి గాని, వాహనంలోకి గాని తీసుకొనడం ప్రాణాంతకం. ఆరిపోతున్నట్లు కనిపించే బొగ్గు కూడా ఈ వాయువును వెలువరిస్తుంది. వాహనపు పొగగొట్టం మంచుతో మూసుకొనిపోయినపుడు, వేడి కోసం ఇంజను నడుపుతూ లోపల కూర్చొన్నవారికి ఇదే ప్రమాదం కలదు. తలనొప్పి, తలతిరుగుట, వికారం దీని లక్షణాలు. విందులో ఇవి మద్యం ప్రభావంగా పొరబడే అవకాశం ఉన్నది. అనుమానం కలిగిన వెంటనే ఆ వ్యక్తిని బయటి గాలిలోకి తెచ్చి అత్యవసర సేవ అయిన 911కు ఫోన్ చేయాలి.

చలి: శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గడాన్ని అల్పోష్ణస్థితి అంటారు. ఆగని వణుకు, మాట తడబడడం, మగత దీని గుర్తులు. మద్యం చర్మంలోని రక్తనాళాలను విప్పార్చి వెచ్చగా ఉన్న భావన కలిగిస్తుంది, కాని వాస్తవానికి శరీరపు లోపలి వేడి తగ్గిపోతుంది. వెచ్చదనానికి వేడి సూపు, టీ, కోకో మేలు. పిల్లలు పెద్దల కంటే త్వరగా వేడిని కోల్పోతారు.

వాహన చోదన: అమెరికాలో మద్యం సేవించడానికి కనీస వయస్సు 21 సంవత్సరాలు. రక్తంలో 0.08 శాతం మద్యంతో వాహనం నడపడం దాదాపు అన్ని రాష్ట్రాలలో నేరం. యూటా రాష్ట్రంలో ఈ పరిమితి 0.05 శాతం. ఆట ముగిసే వేళకు రోడ్లపై మంచు గడ్డకట్టి ఉండవచ్చు. కనుక వాహనం నడిపేవారు విందు మొదటి నుండి మద్యానికి పూర్తిగా దూరంగా ఉండాలి.

ఇవి కూడా చూడండి

* ఐస్ హాకీ
* నేషనల్ హాకీ లీగ్
* అమెరికన్ ఫుట్‌బాల్
* కార్బన్ మోనాక్సైడ్
* వనభోజనం