రెండు వేళ్ళు

పుంగనూరు దాటి పలమనేరు దారి పట్టి పది నిమిషాలు కూడా కాలేదు. ఇంజన్ చప్పుడు మారింది. అప్పటిదాకా నిండుగా వస్తున్న శబ్దం కాస్తా రేకును రేకుతో గీసినట్టు ఎండిపోయింది. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా వేగం పుట్టడం లేదు.

1998 మే నెల. కుప్పంలో మా అక్కావాళ్ళ గృహప్రవేశం. మదనపల్లె నుంచి పాత చేతక్ స్కూటర్ మీద బయల్దేరాం. వెనక నా భార్య, ఆమె ఒళ్ళో కొత్తబట్టల సంచి, ముందు హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డ నాలుగేళ్ళ పాప. అప్పట్లో సంసారాలన్నీ అలాగే ప్రయాణించేవి. వంద కిలోమీటర్లు దాటే దారి. పలమనేరు దాటాక కౌండిన్య అడవి, ఏనుగులు తిరిగే చోటు. పొద్దు గూకేలోపు అది దాటేయాలని పుంగనూరులో టీకి కూడా ఆగలేదు. అది మొదటి తప్పు. రెండోది దానికంటే పెద్దది. బంకులో ఆయిల్ అయిపోయిందన్నారు. ట్యాంకులో పాతది కొంత ఉందిలే అని ఉత్త పెట్రోలే పోయించుకున్నాను.

మా చేతక్‌ది టూ స్ట్రోక్ ఇంజన్. అందులో పిస్టన్‌కు నూనె అందేది పెట్రోలుతో కలిసి వచ్చినప్పుడే. లీటరుకు 20 మిల్లీలీటర్లు. అది తగ్గితే రాపిడి పెరుగుతుంది, వేడికి పిస్టన్ ఉబ్బి సిలిండర్ గోడను పట్టేస్తుంది. ఇంజన్ నిలిచిపోతే గేరులో ఉన్న వెనక చక్రమూ నిలిచిపోతుంది.

అదే జరిగింది. టైరు కీచుమని అరిచింది. బండి వెనకభాగం పక్కకు జారింది. పాప తల నా గడ్డానికి కొట్టుకుంది. వెనకే టమోటా క్రేట్ల లారీ, హారన్ ఆపకుండా కొడుతున్నాడు.

ఆ బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు మదనపల్లె మెకానిక్ ఒక మాట చెప్పాడు. "అన్నా, బండి పట్టేస్తే బ్రేకు జోలికి పోవద్దు, క్లచ్ పట్టు. ఎడమచేతి రెండు వేళ్ళు ఎప్పుడూ దాని మీదే ఉండాల." అప్పుడు ఊరికే తలూపాను. ఆ క్షణంలో నేను ఆలోచించింది ఏమీ లేదు. వేళ్ళే ముడుచుకున్నాయి. చక్రం వదులైంది. బండి ఊగుతూ మట్టిలోకి దిగి, చింతచెట్టు దగ్గర ఆగింది. లారీ గాలి మమ్మల్ని ఊపేసి పోయింది.

పాప ఏడవలేదు. నా భార్య మాత్రం సంచి ఎదకు హత్తుకుని కింద కూర్చుండిపోయింది. చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

తాగే నీళ్ళు ఇంజన్ మీద పోయబోతుంటే వెనక నుంచి కేక. "వద్దు సామీ! కాగిన సిలిండరు, పగిలిపోతాది!" పాలక్యాన్లు కట్టిన టీవీయస్ ఫిఫ్టీ మీద ఒక పెద్దాయన. దిగి, ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. "ఆయిలు కలపలేదా?" అన్నాడు. నేను తల దించుకున్నాను.

అరగంట నీడన చల్లారనిచ్చాం. తర్వాత ఆయన ప్లగ్గు విప్పించి, తన ఆయిల్ సీసాలోంచి నాలుగు చుక్కలు ఆ రంధ్రంలో వేశాడు. "కాలితో తన్నొద్దు. చేత్తో మెల్లిగా నొక్కు." మొదట కిక్కు రాయిలా ఉంది. నొక్కుతూ, వదులుతూ ఉండగా ఎక్కడో లోపల చిన్నగా కదిలింది. అంత సంతోషాన్నిచ్చిన కదలిక నాకు మరొకటి గుర్తులేదు. మిగిలిన ఆయిల్ ట్యాంకులో పోసి, బండిని ఊపి కలిపాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "బిడ్డను బస్సెక్కించు. నువ్వు నిదానంగా వెనక్కి పుంగనూరికి పో."

అలాగే చేశాను. అక్కడి మెకానిక్ పిస్టన్ తీసి చూపించాడు. నిలువునా గోళ్ళతో రక్కినట్టు గీతలు. బండి అక్కడే వదిలి, పలమనేరు బస్టాండులో భార్యనూ పాపనూ కలుసుకుని, రాత్రికి బస్సులోనే కుప్పం చేరాం.

బోరు చేయించిన బండి తీసుకోవడానికి మరుసటి ఆదివారం వెళ్ళి, ఆయిల్ డబ్బా ఒకటి కొని, ఆ చింతచెట్టు కింద కూర్చున్నాను. సాయంత్రం పాలవేళకు ఆయన వచ్చాడు. నన్ను గుర్తుపట్టి, ముందు పాప ఎట్లుందని అడిగాడు. డబ్బా అందిస్తే మూత తీసి, తన సీసాలోకి ఆ రోజు నాకిచ్చినంత మాత్రమే వంచుకున్నాడు. మిగతాది నా బండి డిక్కీలో పెట్టి మూశాడు.